మూవర్ బ్లేడుకు ఇంట్లోనే సాన: ఇసుక నేలలో నా అనుభవం

గడ్డి కోసిన మర్నాడు సాయంత్రం ఒక్క ఆకు తుంచి చూస్తే బ్లేడు సంగతి తెలిసిపోతుంది. పదునున్న బ్లేడు కోస్తే ఆకు కొస కత్తెర పెట్టినట్టు నున్నగా ఉంటుంది. మొద్దుబారిన బ్లేడు కొయ్యదు, చింపుతుంది. కొస పీచులుపీచులుగా చీలి ముందు తెల్లబడుతుంది, తర్వాత ఎండి గోధుమరంగుకు తిరుగుతుంది. దూరం నుంచి చూస్తే లాన్ మీద ఎవరో బూడిద చల్లినట్టుంటుంది. ఇది నీటి ఎద్దడని కొందరు రెండు పూటలా నీళ్ళు పెడతారు, తెగులని కొందరు మందు కొడతారు. ఆకు కొస చూసేదాకా రెండూ దండగే.

మా గోదావరి డెల్టా అంతా ఒకే నేల కాదు కాబట్టి సాన లెక్క కూడా ఊరూరికీ మారుతుంది. మామూలుగా చెప్పే లెక్క 20 నుంచి 25 గంటల కోతకు ఒకసారి. కడియం, వేమగిరి వైపు ఒండ్రు మట్టిలో అది దాదాపు సరిపోతుంది. రాజోలు దాటి సఖినేటిపల్లి, అంతర్వేది వైపు వెళ్ళేకొద్దీ ఇసుక. అక్కడ నేను 8, 10 గంటలకే బ్లేడు విప్పుతాను. కారణం బ్లేడు ఆకారంలోనే ఉంది. దాని రెండు చివర్లా వెనక అంచు పైకి వంగి రెక్కలా ఉంటుంది. అది ఫ్యానులా గాలిని పైకి లాగి, పడుకున్న గడ్డిని నిలబెడుతుంది. గడ్డితోపాటు ఇసుకనీ లాగుతుంది. ఇసుకలో ఉండే క్వార్ట్జ్ బ్లేడు ఉక్కు కన్నా గట్టిది. అంటే కోత కోస్తున్నంతసేపూ బ్లేడు మీద గరుకు కాగితం నడుస్తున్నట్టే. కోత ఎత్తు రెండు సెంటీమీటర్ల నుంచి నాలుగుకు పెంచితే ఇసుక లేవడం బాగా తగ్గుతుంది, సాన గడువూ పెరుగుతుంది.

ఒండ్రు నేలలో వేరే గొడవ. వానాకాలం వానపాములు పైకి తోసిన మట్టి గుళికలు ఎండి రాళ్ళలా తయారవుతాయి. ఇక కొరియన్ గడ్డి వేసినవాళ్ళు ఏ నేలలో ఉన్నా కొంచెం ముందుగానే సాన చూసుకోవాలి. దాని ఆకు బిరుసు, బ్లేడును తొందరగా అరగదీస్తుంది.

పని మొదలెట్టేముందు పెట్రోలు మూవరుకు స్పార్కు ప్లగ్గు క్యాపు లాగి ప్లగ్గుకు తగలకుండా పక్కకు కడతాను. స్విచ్చి ఆపి ఉంది కదా అంటే చాలదు. బ్లేడు చేత్తో తిప్పితే దానితో ఇంజనూ తిరుగుతుంది. సిలిండరులో మిగిలిన పెట్రోలు ఆవిరి ఒక్కసారి అంటుకుంటే చాలు, బ్లేడు అర చుట్టు తిరిగినా వేళ్ళుండవు. కరెంటు మూవరైతే ప్లగ్గు గోడ దగ్గర పీకి, వైరు కంటికి కనబడే చోట పెట్టుకోవాలి. బ్యాటరీదైతే బ్యాటరీ తీసి పక్కన పెట్టాలి.

మూవర్ని ఎటు పడుకోబెట్టాలన్నది ముఖ్యం. ఎయిర్ ఫిల్టరు, కార్బ్యురేటరు ఉన్న వైపు పైకి రావాలి. తిరగేసి పడుకోబెడితే ఇంజనాయిలు కార్బ్యురేటరులోకి దిగి ఫిల్టరు తడిసిపోతుంది. తర్వాత స్టార్టు చేస్తే తెల్లపొగ, లేదంటే అసలు స్టార్టే కాదు. ట్యాంకులో పెట్రోలు సగానికన్నా తక్కువున్న రోజునే ఈ పని పెట్టుకుంటాను. మూత కింద పాలిథీన్ ముక్క పెట్టి బిగిస్తే మూత చిల్లు నుంచి కారదు.

విప్పేముందే బ్లేడు కింది ముఖం మీద పెయింటు చుక్క పెడతాను. సాన పట్టాక తిరగేసి బిగించడం ఈ పనిలో జరిగే అతి మామూలు పొరపాటు. ఆ చుక్క ఉంటే ఆ భయం లేదు. బ్లేడుకీ, దాన్ని కప్పి ఉండే గిన్నె గోడకీ మధ్య అడుగు పొడవు కర్రముక్క అడ్డం పెట్టి, బోల్టు విప్పాలి. కాలితో తొక్కిపట్టడం, చేత్తో పట్టుకోవడం వద్దు. చాలావాటికి మామూలు మరే, అపసవ్యంగా తిప్పితే వదులవుతుంది. కొన్నింటికి ఎదురు మర ఉంటుంది కాబట్టి కదలకపోతే బలం పెంచేముందు మూవర్ పుస్తకం చూడాలి. తుప్పు పట్టి ఉంటే డబ్ల్యూడీ-40 స్ప్రే కొట్టి ఇరవై నిమిషాలు వదిలెయ్యాలి. కొన్ని బయటిదేశపు మోడళ్ళలో బోల్టు తల అంగుళాల కొలతలో ఉంటుంది. 5/8 అంగుళం తలకు 16 నంబరు పానా దాదాపు సరిపోతుంది. 9/16 అయితే 14 ఎక్కదు, 15 వదులుగా తిరిగి తల మూలలు అరగదీస్తుంది. ఆ ఒక్క సైజుకి అంగుళాల రింగు పానా కొనుక్కోవడమే మేలు. వచ్చిన వాషర్లను వచ్చిన వరసలోనే కాగితం మీద పేర్చి, ఫోనులో ఫొటో తీసుకుంటాను.

బ్లేడు బయటికొచ్చాక వెంటనే సాన మీదికి పోవద్దు. ఆ బ్లేడు అసలు సానకు పనికొస్తుందా అన్నది ముందు తేలాలి. ఎండిన గడ్డి, మట్టి గీకి, వైరు బ్రష్షుతో తోమి, కిరసనాయిలు గుడ్డతో తుడుస్తాను. తర్వాత రెక్క మొదలు, అంటే బ్లేడు పైకి వంగే చోటు, బొటనవేలితో తడిమి చూస్తాను. మన ఇసుక మొదట తినేసేది అక్కడే. వాదర బాగానే ఉన్నట్టుంటుంది కానీ వంపు దగ్గర లోహం పలచబడి గాడి పడుతుంది, ఆ గాడి చిల్లవుతుంది, ఒకరోజు రెక్క తెగి ఎగిరిపోతుంది. 46 సెంటీమీటర్ల బ్లేడు నిమిషానికి 3000 చుట్లు తిరిగితే దాని కొస సెకనుకు 72 మీటర్లు పోతుంది, అంటే గంటకు 260 కిలోమీటర్లు. ఆ వేగంతో తెగిన ఇనప ముక్క గిన్నె అంచు కింద నుంచి దూరితే ఎవరి కాలైనా ఒకటే. గాడి కనబడినా, మందం కొత్తదానిలో సగానికి వచ్చినా ఆ బ్లేడుకు సాన పట్టను. మళ్ళీ ఎవరూ బిగించకుండా వంచేసి పాత ఇనుములో పడేస్తాను.

పగులు చూడటానికి సుద్దముక్క చాలు. బోల్టు చిల్లు చుట్టూ, వంపు మూలల్లో కిరసనాయిలు పూసి ఐదు నిమిషాలాగి, పొడిగుడ్డతో శుభ్రంగా తుడిచి, సుద్ద రుద్దాలి. పగులుంటే అందులో దాగిన కిరసనాయిలు బయటికొచ్చి తెల్లటి సుద్ద మీద నల్లగీతలా తేలుతుంది. కంటికి ఆనని పగుళ్ళు కూడా ఇలా దొరుకుతాయి.

వంకర చూడాలంటే అది విప్పకముందే. బ్లేడు ఒక కొస నుంచి గిన్నె అంచుకు ఎంత దూరముందో స్కేలుతో కొలిచి, అర చుట్టు తిప్పి రెండో కొసను సరిగ్గా అదే చోట కొలవాలి. మూడు మిల్లీమీటర్లకు మించి తేడా ఉంటే బ్లేడో షాఫ్టో వంగినట్టే. కొత్త బ్లేడు వేసినా తేడా పోకపోతే షాఫ్టే. కొబ్బరితోటలో మూవర్ నడిపేవాళ్ళకి ఇది తరచు వస్తుంది, గడ్డిలో కనబడని చెట్టు మొదలు ఒక్కటి తగిలితే చాలు.

వంగిన బ్లేడును కమ్మరి దగ్గరికి పట్టుకెళ్ళి కొలిమిలో పెట్టించి సరిచేయిస్తే పోతుంది కదా అని అడుగుతుంటారు. కొడవలికి, గొడ్డలికి కొలిమి సరైన చోటే. కాల్చి, సాగగొట్టి, నీళ్ళలో ముంచి కమ్మరి మళ్ళీ పదును తెస్తాడు. మూవర్ బ్లేడుకు ఫ్యాక్టరీలో ఇచ్చిన పదును వేరు. గట్టిగానూ ఉండాలి, రాయి తగిలితే విరగకుండా వంగనూ వంగాలి. కొలిమిలో పెడితే ఆ రెండింటిలో ఏదో ఒకటి పోతుంది. చల్లగానే సమ్మెటతో కొట్టినా లోపల కనబడని పగులు పుట్టొచ్చు. వెల్డింగు మాట అసలే వద్దు.

ఇక సాన. నోకులు, అంటే అంచున పడిన గంట్లు, పెద్దగా లేకపోతే నాకు ఆకురాయే ఇష్టం. పది అంగుళాల చదును ఆకురాయి, బాస్టర్డ్ రకం, అంటే ఓ మాదిరి ముతక పళ్ళది. బ్లేడును వైసులో అడ్డంగా, కదలకుండా బిగించాలి. ఏటవాలు ఎంత ఉండాలన్నది కొత్తగా లెక్క కట్టక్కర్లేదు, ఫ్యాక్టరీ ఇచ్చిన వాలునే పట్టుకుపోవాలి. చాలావరకు అది 30 డిగ్రీల చుట్టూ ఉంటుంది. వాలు అంతా మార్కరు పెన్నుతో నల్లగా రుద్ది, రెండు పోట్లు ఆకురాయి నడిపి చూడండి. సిరా పైన మాత్రమే పోతే ఆకురాయి మరీ పడుకుంది, కోసే అంచు దగ్గరే పోతే మరీ లేచింది. వాలంతా ఒకేలా పోయేలా చెయ్యి సర్దుకుంటే చాలు.

ఆకురాయి ముందుకు తోసేటప్పుడే కోస్తుంది. వెనక్కి లాగేటప్పుడు ఎత్తెయ్యాలి. ముందుకీ వెనక్కీ రుద్దితే పళ్ళు మొండిబారతాయి, నెలకో ఆకురాయి కొనాల్సిందే. పళ్ళలో ఉక్కు పొడి ఇరుక్కోకుండా ముందుగా సుద్ద పూస్తాను. వాదర పొడవునా ఒకేలా రుద్దక్కర్లేదు. కోతలో ఎక్కువ భాగం కొస దగ్గర 5, 6 సెంటీమీటర్లలోనే జరుగుతుంది, మొద్దుబారేదీ అక్కడే. ఎన్ని పోట్లు వేశానో లెక్కపెట్టుకుంటూ పోతాను. ఈ వైపు 40 అయితే ఆ వైపూ 40. తూకం సగం ఇక్కడే సరిపోతుంది.

పైవైపు వాలు మాత్రమే తియ్యాలి. కింది ముఖం చదునుగా ఉండాలి, అక్కడ వాలు పెడితే కోత చెడుతుంది. సాన అయ్యాక కింది అంచున వేలికి గరుకుగా తగిలే సన్నటి ముల్లు లేస్తుంది. ఆకురాయిని కింది ముఖానికి ఆనించి ఒకటి రెండు పోట్లతో దాన్ని దులిపేస్తే చాలు.

ఎంత పదును? ఇక్కడే చాలామంది అతి చేస్తారు. గడ్డం గీసే బ్లేడులా తీస్తే చూడటానికి బాగుంటుంది, మొదటి అరగంటలోనే ఆ సన్నటి అంచు ఇసుక దెబ్బకు మడతపడుతుంది. వాదర పావు నుంచి అర మిల్లీమీటరు మందం మిగలాలి. వెలుతురులో పట్టుకుని చూస్తే అంచు మీద మెరుపు గీత వెంట్రుకలా సన్నగా ఉండాలి, లావుగా కనబడితే ఇంకా మొద్దే. కానీ వేలు పెడితే తెగేంత వద్దు. మూడు మిల్లీమీటర్ల లోతున్న నోకు పూర్తిగా పోయేదాకా తీస్తే సగం బ్లేడు పొడైపోతుంది. దాన్ని అలా వదిలేసినా కోతలో తేడా తెలియదు.

నోకులు ఎక్కువుంటే గ్రైండరు తప్పదు. నాలుగంగుళాల చేతి గ్రైండరు, దానికి 60 నంబరు ఫ్లాప్ డిస్కు, అంటే గరుకు కాగితం రేకులు పేర్చిన బిళ్ళ. గట్టి గ్రైండింగు రాయి లోహాన్ని ఎక్కువ తినేసి, వేడీ ఎక్కువ పుట్టిస్తుంది. మూడు సెకన్లకు మించి ఒకచోట నిలపకుండా కొస నుంచి లోపలికి సాగనిస్తాను. రెండు మూడు సార్లకోసారి పక్కనున్న బకెట్లో ముంచుతాను. బ్లేడు చేత్తో పట్టుకోలేనంత వేడెక్కకముందే ముంచాలి. అంచు ఎండుగడ్డి రంగుకు తిరిగితే చెయ్యి ఆపాలి. నీలం తేలిందంటే అది 300 డిగ్రీల వేడి చూసినట్టు, అక్కడ ఉక్కు మెత్తబడి సాన నిలవదు. కొద్ది మేరే అయితే ఆకురాయితో ఆ నీలం పోయేదాకా తీస్తాను. వాదర పొడవునా నీలమైతే ఆ బ్లేడు మీద ఇంక పని దండగ.

గ్రైండరు పనికి మూవర్ దగ్గర చోటు పెట్టుకోవద్దు, పెట్రోలు ఆవిరి ఉంటుంది. కోనసీమ ఇళ్ళలో ఇంకో ముప్పు కొబ్బరి పీచు, ఎండు డొక్కలు. నిప్పురవ్వ పీచులో పడితే వెంటనే మంట రాదు, లోపల్లోపల రగులుకుని గంట తర్వాత పొగ లేస్తుంది. పని చోట తడిపి, పని అయ్యాక ఇంకోసారి వచ్చి చూడాలి. కళ్ళజోడు, తోలు గ్లౌజులు ఉండాలి. మెడలో తువ్వాలు ఉండకూడదు.

తూకం చూడటం మానేసేవాళ్ళే ఎక్కువ. ఈ లెక్క చూడండి. ఒక కొస ఐదు గ్రాములు ఎక్కువుందనుకుందాం, ఇరుసు నుంచి 20 సెంటీమీటర్ల దూరంలో. 3000 చుట్ల వేగంలో ఆ ఐదు గ్రాములు షాఫ్టును సుమారు పది కేజీల బలంతో, సెకనుకు యాభై సార్లు, చుట్టూ లాగుతాయి. చేతులు తిమ్మిరెక్కడం చిన్న సంగతి. బేరింగు, ఆయిల్ సీలు పోతాయి, గిన్నె బోల్టులు వదులవుతాయి.

గోడకు నున్నటి మేకు కొట్టి, బ్లేడు నడి చిల్లును దానికి తగిలించి అడ్డంగా వదిలెయ్యాలి. బరువున్న కొస కిందికి దిగుతుంది. బ్లేడును తిరగేసి, రెండో ముఖం గోడవైపు పెట్టి మళ్ళీ చూస్తాను. రెండుసార్లూ ఒకే కొస దిగితేనే అది నిజమైన బరువు, లేకపోతే మేకు ఎక్కడ ఆనిందన్న తేడా. నక్షత్రం ఆకారపు చిల్లున్న బ్లేడుకు మేకు పనికిరాదు, శంకువులా ఉండే తూకం గొట్టం కావాలి. బరువు తియ్యాల్సింది వాదర మీద కాదు, రెక్క చివరి అంచు మీద. వంపు మొదలు మాత్రం ముట్టుకోవద్దు. ఎంత తియ్యాలో తెలియాలంటే తేలికున్న కొస మీద చిన్న వాషరు టేపుతో అంటించి చూడండి. నిలిచిన వాషరు ఎంత బరువో అంత బరువు అవతలి కొస నుంచి పోవాలి.

బిగించేటప్పుడు రెక్కలు గిన్నె లోపలికి, అంటే ఇంజను వైపు తిరగాలి. పెయింటు చుక్క కింద, నేల వైపు కనబడాలి. పళ్ళెంలా వంగిన వాషరు ఉంటే దాని గుంట వైపు బ్లేడుకు ఆనాలి, అప్పుడే అది స్ప్రింగులా బిగువు పట్టుకుంటుంది. బిగువు ఎంతో మీ మూవర్ పుస్తకంలో ఉంటుంది. ఇంటి మూవర్లలో సుమారు 50 న్యూటన్ మీటర్లు చూస్తుంటాం. బిగువు కొలిచే టార్క్ రెంచి లేనివాళ్ళకి చెప్పాలంటే, పావు మీటరు పొడవున్న పానా కొస మీద ఇరవై కేజీల బరువు వేసినంత. మరకు గ్రీజు పూస్తే అదే బలానికి బోల్టు ఎక్కువ లాగుతుంది, అందుకే పొడిగా ఉంచుతాను.

చెట్టు మొదలు తగిలి మూవర్ టక్కున ఆగిపోయాక, స్టార్టు తాడు లాగితే వెనక్కి గుంజుతోందంటే తప్పు బ్లేడుది కాదు. ఇంజనుతో తిరిగే బరువు చక్రం, అంటే ఫ్లైవీలు, కింద ఉండే మెత్తటి లోహపు కీ కోసుకుపోయి, పెట్రోలు అంటుకునే వేళ తప్పింది. ఆ కీ ఇంజనుకు రక్షణగా పెట్టిందే. కొత్తది వెయ్యాలి తప్ప ఇనప ముక్క అరగదీసి పెట్టకూడదు.

బిగించాక పది నిమిషాలు నడిపి ఆపి, ప్లగ్గు క్యాపు తీసి బోల్టు మళ్ళీ ఒకసారి పానాతో చూస్తాను. మన గాలిలో తేమకి కొత్త వాదర మీద రెండు రోజుల్లో తుప్పు చుక్కలొస్తాయి. కోత అయ్యాక గిన్నె గీకి ఆరబెట్టి, మిషను నూనె గుడ్డతో సన్నగా తుడిస్తే చాలు. ఇంట్లో ఉంది కదా అని కొబ్బరినూనె రాస్తారు కొందరు, చలికి గడ్డకట్టి దుమ్మంతా అంటించుకుంటుంది. నూనె మరీ కారేలా పూస్తే మొదటి కోతకి లాన్ మీద పసుపు మచ్చలు పడతాయి.

కొబ్బరితోటల్లో వాడే బ్రష్ కట్టరు బ్లేడుకు ఇదే పద్ధతి, కొన్ని తేడాలతో. దాని నట్టుకు ఎదురు మర, సవ్యంగా తిప్పితే వదులవుతుంది. ఇది తెలియక పానాకు పైపు తగిలించి మర చెడగొట్టినవాళ్ళు చాలామంది. గేరు పెట్టె చిల్లులో సన్నటి కమ్మీ దూర్చితే ఇరుసు తిరక్కుండా నిలుస్తుంది. మూడు పళ్ళ బ్లేడు రెండు వైపులా పదునుంటే, ఒక వైపు అరిగాక తిరగేసి వాడుకోవచ్చు. పళ్ళ మధ్య గుండ్రటి మూలలో ఆకురాయి గీత పడనివ్వకూడదు, పగులు మొదలయ్యేది అక్కడే. గుండ్రటి బ్లేడుకు పళ్ళ కొసన కార్బైడ్ అనే చాలా గట్టి ముక్కలు అతికించి ఉంటే మామూలు ఆకురాయి జారిపోతుంది, వజ్రపు పొడి పూసిన ఆకురాయే కొరుకుతుంది. ఒక్క ముక్క ఊడినా ఆ బ్లేడు వాడొద్దు.

చేత్తో తోసే సిలిండరు మూవర్, అంటే బ్లేళ్ళు డోలులా చుట్టూ తిరిగే రకం, బడుల్లో, ఆఫీసుల్లో ఇంకా ఉంది. దానికి సాన అంటే కింద కదలని పట్టీకీ తిరిగే బ్లేళ్ళకీ మధ్య ఒరిపిడే. మెకానిక్ షాపుల్లో దొరికే వాల్వ్ గ్రైండింగు పేస్టు ముతక రకం, కొంచెం సబ్బునీళ్ళు కలిపి బ్లేళ్ళకు పూసి, సిలిండరును కోతకు వ్యతిరేక దిక్కులో పది నిమిషాలు తిప్పాలి. పేస్టు పూర్తిగా కడిగెయ్యాలి, మిగిలితే బేరింగులోకి పోతుంది. తర్వాత పట్టీని రెండు వైపులా స్క్రూలతో కొద్దికొద్దిగా దగ్గరికి తెచ్చి, దినపత్రిక ముక్కను పొడవునా నాలుగైదు చోట్ల పెట్టి చేత్తో నెమ్మదిగా తిప్పుతాను. ఎక్కడ కాగితం తెగకుండా మడతపడితే ఆ వైపు స్క్రూ పావు చుట్టు బిగించాలి. తెగుతున్నా సిలిండరు గరగరమంటూ బరువుగా తిరిగితే ఎక్కువ బిగించినట్టు, అదే పావు చుట్టు వెనక్కి.